అరచేతిలో ఉప్పు

మా ఇంట్లో నాకు కోపం వస్తే ఎవరూ జవాబు చెప్పరు. లోపలికి పరుగెత్తి డబ్బా తెచ్చి, నా వేలు పట్టుకుని సూది గుచ్చుతారు. చుక్క రక్తాన్ని పట్టీకి అంటించి, ఆ చిన్న మిషన్ మీద అంకె చూసి, అప్పుడు తేల్చుకుంటారు, ఇది నా కోపమా, షుగర్ పడిపోయి వచ్చిన కోపమా అని. పెళ్ళీడు కూతురున్న ఆడదానికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? మొదట్లో ఆ డబ్బాను గోడకేసి కొడదామనిపించేది. ఇప్పుడు చెయ్యి నేనే చాపుతున్నాను. మధ్యలో జరిగింది రాసిపెడితే నా మనసుకు కాస్త నిదానం వస్తుంది. నాలాగా వారానికి మూడుసార్లు డయాలిసిస్ మంచమెక్కేవాళ్ళకు ఒకటి రెండు సంగతులైనా పనికొస్తాయి. డాక్టరు చెప్పాల్సినవి డాక్టరు చెబుతాడు. నేను చెప్పేది వంటింటి సంగతి.

2011, వేసవి

మాది రేపల్లె దగ్గర పల్లె. మా ఆయనకు నాచారంలో ఒక ఇంజనీరింగ్ యూనిట్లో స్టోర్‌కీపర్ ఉద్యోగం దొరికితే వచ్చాం. బస్టాపు వెనక సందులో, మా ఇంటి ముందు గదినే కర్రీ పాయింట్ చేశాను. అన్నం ఇంట్లో వండుకుని కూరలు మా దగ్గర కట్టించుకెళతారు. మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే కుర్రాళ్ళు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్ళు, కొత్తగా కాపురం పెట్టి ఇంకా వంట రానివాళ్ళు. పప్పు, సాంబారు, వేపుళ్ళు, ఇగుర్లు, ఏదో ఒక పులుసు, రోటి పచ్చడి. నాకు తోడు యాదమ్మ. జనగామ వైపు మనిషి. వయసులో నాకంటే బాగా చిన్నది, నోరు మాత్రం నాతో సమానం.

షుగరు నాకు మా అమ్మాయి లావణ్య కడుపులో ఉన్నప్పటి నుంచీ ఉంది. బీపీ తరవాత వచ్చి చేరింది. ఇవి రెండూ తోడికోడళ్ళ లాంటివి, ఒకదాన్ని బుజ్జగిస్తే రెండోది అలుగుతుంది. ఏళ్ళ తరబడి ఇద్దరినీ సర్దుకొస్తున్నాననే అనుకున్నాను. ఆ వేసవిలో కాళ్ళు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. పొయ్యి దగ్గర నిలబడ్డం వల్లేనని సరిపెట్టుకున్నాను. తరవాత తరవాత పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేదాన్ని.

డాక్టరు రిపోర్టులు చూసి, కిడ్నీలు రెండూ పనిచేయడం లేదని మా ఆయన వైపు తిరిగి చెప్పాడు.

"నా కిడ్నీలండీ, నాకు చెప్పండి," అన్నాను.

ఆయన నా వైపు తిరిగి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. అప్పుడు భయం వేసింది. అడగకుండా ఉంటే బావుండేదేమో అని కూడా అనిపించింది. కానీ అడిగినందుకు ఆ రోజు నుంచి ఆయన ప్రతి మాటా నాకే చెప్పాడు, అదొక మేలు.

ఎడమ చేతికి మణికట్టు దగ్గర చిన్న ఆపరేషన్ చేసి ఫిస్టులా పెట్టారు. రక్తం బయటికి తీసి శుభ్రం చేసి మళ్ళీ ఎక్కించడానికి అదే దారి. చెవి దగ్గర పెట్టుకుంటే దూరంగా పిండిమర తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు. అప్పటి నుంచి సాంబారు గుండిగ యాదమ్మే దించుతోంది.

2011 చివర

ఉప్పల్లో డయాలిసిస్ సెంటరు. మంగళ, గురు, శనివారాలు, మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున వంట ముగించి, హబ్సిగూడ చౌరస్తా మీదుగా ఆటోలో వెళ్ళేదాన్ని. వెయిటింగ్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ఒక టీవీ, మూలన బరువు తూచే మిషన్. గుడికి వెళితే ముందు గంట కొట్టినట్టు, అక్కడికి వెళితే ముందు ఆ మిషన్ ఎక్కాలి. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మనిషి ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. దానికి పైన ఎంత ఉంటే అంత నీరు ఒంట్లో చేరినట్టు లెక్క. దాన్ని నాలుగు గంటల్లో లాగేస్తారు.

కొంచెం ఉంటే ఫరవాలేదు. ఎక్కువ ఉంటే లాగేటప్పుడు బీపీ పడిపోతుంది. నాకు ముందు ఆవలింతలు వచ్చేవి. తరవాత చెవులు మూసుకుపోయేవి, సిస్టర్ నోరు కదులుతున్నట్టు కనబడేది గానీ మాట వినబడేది కాదు. వెన్నంతా చెమట. పిక్క రాయిలా పట్టేసేది. ఆ నొప్పికి నా నోట్లోంచి ఎలాంటి తిట్లు వచ్చేవంటే, పక్క మంచాలవాళ్ళు తమ నొప్పి మరచి వినేవాళ్ళు. మంచం తలవైపు దించి, కాళ్ళు ఎత్తి, సెలైన్ వదిలితే మళ్ళీ లోకంలోకి వచ్చేదాన్ని. లాగిన నీళ్ళలో కొన్ని మళ్ళీ ఎక్కించినట్టే కదా! ఇంటికి వచ్చాక ఆ నీళ్ళే ఒంట్లో ఉండిపోయి, తెల్లారేసరికి బీపీ నెత్తికెక్కి మెడ పట్టేసేది. లాగితే పడుతుంది, లాగకపోతే లేస్తుంది.

దానికి తోడు, మంచి రోగిననిపించుకోవాలని, పొద్దున్నే బీపీ మాత్ర మింగి మరీ వెళ్ళేదాన్ని. మాత్ర ఒకవైపు లాగి, మిషన్ ఒకవైపు లాగితే మనిషి ఎటు పోతుంది? డయాలిసిస్ రోజుల్లో ఆ మాత్ర మిషన్ దిగాక వేసుకోమని డాక్టరు మార్చాడు. మీ మాత్రలు మీరే మార్చుకోకండి. అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు.

నా పక్క మంచం నర్సింగరావన్నది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. నేను మొదటి నెలల్లో ఏడుపు మొహంతో వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆయన పిలిచి అన్నాడు.

"అక్కా, గీడికి కొత్తల్లుడు అత్తగారింటికి పోయినట్టు రావాలె. అందరు లేచి నిలవడాలె. మొకం మాడ్చుకొని వస్తే గీ మిషిన్ కూడ మనల్ని చులకన జేస్తది."

ఆయన అన్నట్టే వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, పౌడరు. చేతిలో సెంటరువాళ్ళందరికీ సరిపడా చాక్లెట్లు, తను ఒక్కటీ తినకుండా. నేనూ మంచి చీర కట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను.

2012

ఒక మధ్యాహ్నం కర్రీ పాయింట్ దగ్గర జనం నిండుగా ఉన్నారు. ఒక కుర్రాడు ఇంకొంచెం సాంబారు వెయ్యమన్నాడు. రోజూ అడిగే మాటే. నేను గరిటె పైకెత్తి, వాళ్ళ తాతముత్తాతల దాకా వెళ్ళి తిట్టాను. చేతులు వణుకుతున్నాయి, జాకెట్టు తడిసిపోయింది, కుర్రాడు ఇద్దరుగా కనబడుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు, అక్క ఈ రోజు మంచి ఊపులో ఉందని. యాదమ్మ ఒక్కతే దగ్గరికి వచ్చి నా మొహం చూసింది.

"అక్కా, నీ కండ్లు గిట్లయినయేంది? నోరు తెరువు. తెరువంటున్న గదనే!"

గుప్పెడు పంచదార నోట్లో కుక్కింది. కాసేపటికి కుర్రాడు ఒక్కడే అయ్యాడు.

కిడ్నీలు పనిచేయనప్పుడు వేసుకున్న ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా పోదట, ఎక్కువసేపు పనిచేస్తూనే ఉంటుందట. నిన్నటిదాకా సరిపోయిన మోతాదు ఇవాళ ఎక్కువైపోతుందన్నమాట. డాక్టరు బాగా తగ్గించాడు. నేనేమో అంకె కిందికి వస్తుంటే షుగరు తగ్గిపోతోందని సంబరపడ్డాను. షుగర్ పడిపోతే చెమట, వణుకు, కోపం వస్తాయని ఆయన చెప్పగానే మా ఆయనా లావణ్యా మొహామొహాలు చూసుకున్నారు. ఈవిడ మామూలుగానే అలా ఉంటుంది, మరి మాకు ఎలా తెలియాలి అని అడిగింది నా కన్నకూతురు. దాని ఫలితమే ఆ డబ్బా. అప్పటి నుంచి కూరగాయల బండివాడితో బేరమాడినా నా వేలికి సూదే.

చూడవచ్చేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. అందరూ కొబ్బరిబొండాలే. నీళ్ళు కొలిచి తాగాల్సినదానికి నీళ్ళకాయలు! పైగా అందులోనూ బత్తాయిల్లోనూ ఉండే పొటాషియం మా లాంటివాళ్ళ గుండెకు ప్రమాదం. "ఒక్క గుక్క తాగు వదినా, చలవ" అంటుంటే ఎదుట పెట్టుకుని చూడ్డం ఎంత కష్టమో మీకు తెలియదు. అవన్నీ యాదమ్మ తాగి నిగనిగలాడింది. మా ఆయన ఇంకాస్త ముందుకెళ్ళి, సూపర్ మార్కెట్‌లో బీపీవాళ్ళ కోసం ప్రత్యేకం అని రాసున్న ఉప్పు పొట్లం తెచ్చాడు. ఎందుకైనా మంచిదని డాక్టరుకు చూపిస్తే ఆయన కుర్చీలోంచి లేచాడు. అందులో ఉన్నదంతా ఆ పొటాషియమేనట.

ఆ ఏడాది వానాకాలంలో ఒక మంగళవారం నర్సింగరావన్న మంచం మీద వేరే ఎవరో పడుకుని ఉన్నారు. రెండు రోజుల తరవాత ఆయన భార్య వచ్చి, వెయిటింగ్ హాల్లో తను రోజూ కూర్చునే కుర్చీలోనే కాసేపు కూర్చుని వెళ్ళింది. చేతిలో చాక్లెట్ల పొట్లం. అందరికీ పంచుతూ నా దగ్గరికి వచ్చి, "నీకు ఇయ్యొద్దు గదా," అని వెనక్కి తీసుకుంది. నేను ఒకటి లాక్కుని సంచిలో వేసుకున్నాను. అది ఇప్పటికీ ఉంది, షుగర్ పడిపోయినా తినలేదు. ఆ రోజు మిషన్ మీద నాలుగు గంటలూ నాకు చావు భయం వేసింది. మంచి చీర కట్టుకునే ఉన్నాను, భయమూ వేసింది.

2013, వేసవి నుంచి శ్రావణం దాకా

నా బరువు మాత్రం లొంగలేదు. ఎప్పుడు తూచినా నాలుగు కిలోలు ఎక్కువ. తూచే ఆయన అంకె గట్టిగా చదివేవాడు, హాలంతా నా వైపు చూసేది. "ఉప్పు తగ్గించాలమ్మా," అనేవాడు డాక్టరు.

"ఉప్పు నేను తినడం లేదండీ."

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదని మనవాళ్ళు ఊరికే అనలేదు. నేను నీళ్ళు తాగుతున్నాను కాబట్టి ఉప్పు తిన్నట్టే అని అందరూ తీర్పు చెప్పేశారు. నిజంగానే నాకు దాహం ఆగేది కాదు. నాలుక అట్టముక్కలా ఉండేది. ఐసు ముక్క చప్పరించేదాన్ని, లవంగం బుగ్గన పెట్టుకునేదాన్ని, చివరికి పుక్కిలించిన నీళ్ళలో సగం మింగేసేదాన్ని. తిండి అడిగితే దాపరికం లేకుండా చెప్పేదాన్ని. చప్పిడి అన్నం, ఉడికించి నీళ్ళు వార్చిన కూర, పోపు మజ్జిగ కొంచెం. నిజం చెప్పినా నమ్మరేమిటని ఒళ్ళు మండేది. మా ఆయన ఆవకాయ జాడీ బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకున్నాడు. దొంగను చూసినట్టు చూస్తారా? ఒకరోజు లావణ్య పక్కన కూర్చుని, "అమ్మా, నాకొక్కదానికి చెప్పు, ఏం తింటున్నావు?" అంది. ఆ రోజు ఏడ్చాను. జాడీకి తాళం వేసినందుకు కాదు, అది అలా మెల్లగా అడిగినందుకు.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం కర్రీ పాయింట్ మూశాను. మర్నాడు శనివారం బంద్. ఆ రోజుల్లో ఒకసారి ఇటువాళ్ళు, ఒకసారి అటువాళ్ళు బంద్ అంటుండేవారు. ఆటోలు లేవు. యాదమ్మ మొగుడు సైదులు తన బండి మీద నన్ను ఎక్కించుకున్నాడు. మెట్రో కోసం తవ్విన గుంతలు దాటుకుంటూ హబ్సిగూడ చేరేసరికి రోడ్డుకు అడ్డంగా కుర్రాళ్ళు.

"యాడికే?" అన్నాడొకడు.

"దవాఖానకు అన్న. మిషిన్ మీద పండవెట్టకపోతే గీ అక్క బతకది," అన్నాడు సైదులు.

"ఏ ఊరక్కా మీది?"

సైదులు నన్ను మాట్లాడొద్దన్నట్టు గిల్లాడు. నేను ఊరు దాచుకునే మనిషిని కాను. "రేపల్లె. అయితే?" అన్నాను.

ఆ కుర్రాడు నా మొహంలోకి చూసి నవ్వాడు. "నాచారం కర్రీ పాయింట్ అక్క గదా! మీ గోంగూర నేను తింటనే ఉన్న. పో పో, బండి మెల్లగ నడుపు." నా దుఃఖమంతా మరచిపోయి నవ్వాను నేనూ.

సెంటర్లో బరువు తూచారు. ఒక్క కిలో. తూచే ఆయన నన్ను దింపి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ ఒక్క కిలోనే. ఆ రోజు బీపీ పడలేదు, పిక్క పట్టలేదు. ఏం చేశారమ్మా అని డాక్టరు అడిగితే, ఏమీ చెయ్యలేదండీ, కొట్టు మూశాను అన్నాను.

ఆ మాట మా ఆయన చెవిలో పడింది.

"చూశావా? నీ జబ్బంతా ఆ కొట్టే. నాగోల్లో మెస్ నడిపే ఆయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఇచ్చేద్దాం పద్మా. నువ్వు బతికితే చాలు నాకు," అన్నాడు.

ప్రేమతోనే అన్నాడు, అది నాకు తెలుసు. అయినా ఆ మాటకు నా గుండెలో ఏదో తెగింది. కిడ్నీలు పోయాయన్నప్పుడు కూడా అంత దెబ్బ తగల్లేదు. పొయ్యి ముందు నిలబడ్డంతసేపూ నేను రోగిని కాను, జనానికి వండిపెట్టే మనిషిని. అది కూడా తీసేస్తే మిగిలేది మంచాల మధ్య తిరిగే ఒక అంకె. కొట్టు ఇవ్వను అన్నాను. లావణ్య డబ్బా తెచ్చింది.

గ్లాసు

కొట్టుది తప్పు కాదని రుజువు చెయ్యాలని పట్టుబట్టాను. సోమవారం పొద్దున్నుంచి నేను చేసే ప్రతి పనీ గమనించుకున్నాను. సాంబారు మరిగింది. గరిటెతో కొంచెం తీసి ఎడమ అరచేతిలో వేసుకున్నాను. నాలుక దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వంట చేసే ఆడవాళ్ళందరికీ తెలిసిన పనే ఇది. గరిటె ఎంగిలి కాకుండా అరచేతిలో వేసుకుని రుచి చూడ్డం. ఉప్పు వేశాక ఒకసారి, సరిచేశాక ఇంకోసారి, దించేముందు మరోసారి. పప్పుకు, పులుసుకు, ఇగురుకు, పచ్చడికి, సాయంత్రం మళ్ళీ అన్నింటికీ. ఏం తిన్నావని అడిగితే ఇది ఎవరు చెబుతారు? వండేవాళ్ళకు రుచి చూడ్డం తిండి కాదు, పని. చెమట తుడుచుకోవడం లెక్కలోకి వస్తుందా? ఇదీ అంతే.

చేతిలోది ఒక స్టీలు గ్లాసులో పోశాను. ఆ రోజంతా రుచి చూడాల్సి వచ్చినప్పుడల్లా అరచేతిలో వేసుకోబోయేంత గ్లాసులో పోశాను. మధ్యాహ్నానికే గ్లాసు నిండి అంచు మీదికి వచ్చింది. పప్పు, చింతపండు పులుసు, నూనె, కారం కలిసి అదో రంగులో ఉంది. భోజనానికి వచ్చిన మా ఆయన దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"ఏంటిది? ఎవరు తాగుతారు దీన్ని?"

"నేనే. రోజూ," అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. యాదమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను నా ఎడమ చెయ్యి చూసుకున్నాను. సూదులు గుచ్చి నీళ్ళు లాగేదీ ఆ చేతి నుంచే, ఉప్పు పోసేదీ ఆ చేతి నుంచే. మా ఆయన చొక్కా జేబులోంచి బీరువా తాళం తీసి నా ముందు పెట్టాడు. క్షమించమని నోటితో అనలేదు గానీ, ఆ తాళం పెట్టడంలోనే ఉంది అదంతా.

సంగతి చెబితే, రుచి చూసి ఉమ్మేయమన్నాడు డాక్టరు. పొయ్యి దగ్గర ఉమ్మడమా! మీ ఇంట్లో అమ్మగారికి చెప్పి చూడండి, అట్లకాడతో వస్తారు అన్నాను. ఆయన నవ్వి, అయితే ఇంకొకరిని చూడమనండి అన్నాడు. వారం రోజులు యాదమ్మ రుచి చూసింది. దాని నాలుకకు పులుపూ కారం ముందుకు రావాలి. నా పప్పులో చింతపండు ఎక్కువైంది, నా ఇగురుకు మంటలు లేచాయి. పాత ఖాతాదారులు రెండో రోజుకే పట్టేశారు.

"నాది నా నోరే గదా అక్కా, నీ నోరెట్లయితది?" అంది యాదమ్మ, కోపంగానే. నిజమే.

ఆ మాటకు జవాబు గురువారం మిషన్ మీద పడుకున్నప్పుడు దొరికింది. వ్రతం నాడు వండిన పులిహోర గుర్తొచ్చింది. వాయనానికి వచ్చిన వాళ్ళంతా రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. అది నేను రుచి చూశానా? నైవేద్యం ఎవరైనా రుచి చూస్తారా? మా అమ్మ, మా అమ్మమ్మ, నేనూ, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దేవుడికి వండేటప్పుడు నాలుక జోలికి పోకుండానే వండాం. చెయ్యే కొలత, ముక్కే రుచి. ఏనాడైనా ఉప్పు తప్పిందా? మరి అమ్మవారికి వండగలిగినదాన్ని నాచారం జనానికి వండలేనా? మంచం మీదే గట్టిగా నవ్వాను. సిస్టర్ వచ్చి బీపీ చూసింది.

మర్నాడు యాదమ్మతో చెప్పాను. అది నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఫ్యాక్టరీ పోరగాండ్లకు నైవేద్యమా అక్కా?"

"నైవేద్యమే. ఇంకా చెప్పాలంటే వీళ్ళకే కష్టం. ఉప్పు తక్కువైందని అమ్మవారు ఎప్పుడూ తిప్పి పంపలేదు. వీళ్ళు పంపుతారు."

పంపారు కూడా. మొదటి రోజే దోసకాయ పప్పు చప్పగా ఉందని ఒకామె పొట్లం తెచ్చి గల్లా మీద పెట్టి వెళ్ళింది. పండగకు ఒక గిన్నె వండడం వేరు, రోజూ గుండిగలు వండడం వేరు. చెయ్యి భయపడి వెనకాడింది. ఇంకో రోజు బెండకాయ పులుసు సముద్రమైంది. నెల పైనే పట్టింది. పులుసు సరిగ్గా ఉంటే నురగ ఒకలా కడుతుంది, ఉప్పు చాలకపోతే ఆవిరిలో పచ్చివాసన ఉంటుంది. ఇవన్నీ నాకు ముందే తెలుసు, నాలుక అడ్డం రావడంతో పట్టించుకోలేదంతే. దీపావళి వచ్చేసరికి నా చెయ్యి మళ్ళీ నాదైంది. చివర్లో యాదమ్మ ఒక్కసారి రుచి చూసి, చాలు, లేదా జర పడ్తది అని చెబుతుంది. అంతకు మించి చెప్పే హక్కు దానికి లేదు.

దాహం దిగింది. మంత్రం వేసినట్టు ఒక్క రోజులో కాదు, మెల్లగా, వరద తీసినట్టు. నీళ్ళ మీద ధ్యాస తగ్గింది. మిషన్ మీద బీపీ పడిపోవడం ఎప్పుడో ఒకసారి అయింది. బీపీ మాత్రల్లో ఒకటి డాక్టరు తీసేశాడు. జబ్బు పోలేదు, పోదు. ఇప్పటికీ చెడ్డ రోజులున్నాయి, సూదికి నరం దొరకని రోజులున్నాయి. కాబట్టి నా మాట విని మీరంతా బాగుపడిపోతారని చెప్పను. డాక్టరు ఏం తింటున్నావని అడిగినప్పుడు మీ కంచంలోకే కాకుండా మీ అరచేతిలోకి కూడా ఒకసారి చూసుకోండి, అంతే.

2014, జూన్

రాష్ట్రం వచ్చింది. మా సందులో టపాకాయలు, రంగులు, డప్పులు. యాదమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి నా బుగ్గన గులాల్ పూసింది. స్వీట్ల డబ్బా తెరిచి నా ముందు పెట్టి, మళ్ళీ తనే మూసేసింది. మీరు ఊరికి పోతారా అని నలుగురూ అడిగారు. నా మిషన్ ఉప్పల్లో ఉంది, నా పొయ్యి నాచారంలో ఉంది, ఎక్కడికి పోతాను అన్నాను.

ఆ వారంలోనే మా ఆయన రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చునేసరికి పాత భయం మళ్ళీ పట్టుకుంది ఆయనకు. ఒక మధ్యాహ్నం నాగోల్ మెస్ ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు, నాతో ఒక్క మాట చెప్పకుండా. ఊరికే చూసి వెళతాడు అన్నాడు. పొయ్యిలు, గుండిగలు, గల్లా అన్నీ చూశాడాయన. నేను కంచం పెట్టి వడ్డించాను. ముద్దపప్పు, వంకాయ ఇగురు, ములక్కాడ పులుసు. వంట వ్యాపారం తెలిసిన మనిషి, ఒక్కో ముద్దా నిదానంగా తిన్నాడు.

"ఉప్పు కాటా పెట్టి తూచినట్టుందమ్మా. రుచి ఎవరు చూస్తారు?" అని అడిగాడు.

"నేను చూడను. చెయ్యే కొలత," అన్నాను.

ఆయన తినడం ఆపి నా వైపు చూశాడు. తరవాత మా ఆయన వైపు తిరిగి, "గీమె చేతిని కూడ ఇస్తరా సార్ కొట్టుతోటి? ఉత్త గోడలు దీస్కొని నేనేం జేస్త?" అన్నాడు. చెయ్యి కడుక్కుని, నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడు తెరిచాను నోరు. నన్ను అడగకుండా నా పొయ్యి చూపించడానికి నువ్వెవరన్నాను. నా జబ్బు కన్నా నీ భయం పెద్దదైపోయిందన్నాను. నేను పోయేదాన్నయితే ఈ పొయ్యి ముందే పోతాను, మంచం మీద కూర్చోబెట్టి చప్పిడి మెతుకులతో నన్ను దాచుకోవాలని చూడకన్నాను. సందులో జనం ఆగి వింటున్నారు. మా ఆయన మొహం పాలిపోయింది. "లావణ్యా, డబ్బా తేవే," అన్నాడు.

నేనే కుర్చీ లాక్కుని కూర్చుని చెయ్యి చాపాను. లావణ్య సూది గుచ్చింది, పట్టీకి అంటించింది. ముగ్గురం ఆ చిన్న మిషన్ వైపే చూస్తున్నాం. యాదమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"నూట ముప్పై," అంది లావణ్య. డబ్బా మూసేసింది. "షుగర్ కాదు నాన్నా. అమ్మే."